లినక్స్ నల్ల తెర మీద నుంచి వైఫైలోకి

పాత ల్యాప్‌టాప్ ఒకదాన్ని ఇంట్లో ఫైళ్లు దాచుకునే సర్వర్‌గా మారుద్దామని గత వేసవిలో ఒక ఆదివారం కూర్చున్నాను. లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్‌ను కనీస రూపంలో ఎక్కించాను. కిటికీలు, బొమ్మలు, మౌస్ బాణం ఏమీ లేవు. నల్ల తెర, మిణుకుమనే కర్సర్, అంతే. కేబుల్ పెట్టే పోర్టు ఎప్పుడో పాడైపోయింది కాబట్టి ఉన్న దారి వైఫై ఒక్కటే. వేరే కంప్యూటర్‌లో బాగా పనిచేసిన పాత సెట్టింగుల ఫైలును పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, రౌటర్ పేరున్న వరుసను మాత్రం మార్చి, నడిపించాను. కంప్యూటర్ జరిగింది రాసుకునే చిట్టా, అంటే లాగ్‌లో, ఒకే వాక్యం పదే పదే వచ్చింది. దాని భావం ఇది: "నాలుగు విడతల హ్యాండ్‌షేక్ విఫలమైంది. ముందుగా పంచుకున్న కీ తప్పు అయి ఉండవచ్చు."

ఆ చివరి మాట దగ్గర ఆగిపోయాను. తప్పు అనడం లేదు, తప్పు అయి ఉండవచ్చు అంటోంది. పాస్‌వర్డ్ సరైనదో కాదో రౌటర్‌కు తెలుసు కదా, ఆ ముక్క ఎందుకు చెప్పదు? పైగా అదే పాస్‌వర్డ్‌తో నా ఫోను పక్కనే హాయిగా పనిచేస్తోంది. ఈ "ఉండవచ్చు" వెనక ఏముందో తెలుసుకుంటే లినక్స్‌లో వైఫై కలపడం బట్టీ పట్టాల్సిన కమాండ్ల జాబితాలా కనిపించదు. ఎవరు ఏ పని చేస్తున్నారో, ఎక్కడ ఆగిపోయారో తెలుస్తుంది.

కమాండ్ల పేర్లను ఇక్కడ పలికే తీరులో తెలుగులో రాస్తున్నాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలతో కొట్టాలి. డబ్ల్యూపీఏ పాస్‌ఫ్రేజ్, డబ్ల్యూపీఏ సీఎల్‌ఐ, పవర్ సేవ్ అనే పేర్లలో మాత్రం ఖాళీకి బదులు అండర్‌స్కోర్ పెట్టాలి.

ముందు రేడియో బతికి ఉండాలి

పాస్‌వర్డ్ సంగతి తర్వాత, అసలు వైఫై చిప్ ఉందని లినక్స్ గుర్తించిందా? 'ఐపీ లింక్' అని కొడితే కంప్యూటర్‌లోని నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌లన్నీ వరుసగా కనిపిస్తాయి. వైఫైది అయితే పేరు సాధారణంగా డబ్ల్యూఎల్ అనే అక్షరాలతో మొదలవుతుంది. ఒకప్పుడు ఎక్కడ చూసినా డబ్ల్యూలాన్0 ఉండేది. 2013లో లినక్స్‌లో సేవలను నడిపే సిస్టమ్‌డీ పేర్లు పెట్టే పద్ధతి మార్చాక డబ్ల్యూఎల్‌పీ3ఎస్0 వంటివి వచ్చాయి. చూడటానికి చిక్కుముడిలా ఉన్నా దానికి అర్థం ఉంది: పీసీఐ బస్ 3లో, స్లాట్ 0లో ఉన్న వైర్‌లెస్ కార్డు అని. పాత వ్యాసాలు చూసి డబ్ల్యూలాన్0 అని కొడితే "అలాంటి పరికరం లేదు" అన్న జవాబు రావడానికి చాలాసార్లు ఇదే కారణం.

జాబితాలో వైఫై ఇంటర్‌ఫేసే లేకపోతే డ్రైవర్‌నో ఫర్మ్‌వేర్‌నో అనుమానించాలి. ఫర్మ్‌వేర్ అంటే చిప్ లోపల నడిచే చిన్న ప్రోగ్రామ్. దాన్ని లినక్స్ మూలభాగమైన కెర్నెల్ బూట్ సమయంలో చిప్‌లోకి ఎక్కించాలి. ఫైలు దొరక్కపోతే కెర్నెల్ లాగ్‌లో ఫైలు పేరుతో సహా ఫిర్యాదు కనిపిస్తుంది. డెబియన్ చాలా ఏళ్ల పాటు స్వేచ్ఛా లైసెన్సు లేని ఫర్మ్‌వేర్‌ను తన అధికారిక ఇన్‌స్టాలర్‌లో పెట్టలేదు. వైఫై కావాలంటే ఫర్మ్‌వేర్ కావాలి, ఫర్మ్‌వేర్ దించుకోవాలంటే నెట్ కావాలి అనే విషవలయంలో ఎంతమంది ఇరుక్కున్నారో. 2022లో డెబియన్ సభ్యులు ఓటు వేసి ఆ నియమాన్ని సడలించారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఇన్‌స్టాలర్‌లోనే అవి ఉంటున్నాయి.

ఇంటర్‌ఫేస్ ఉండి కూడా లేవకపోతే 'ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్' చూడాలి. అందులో రెండు రకాల అడ్డంకులు విడివిడిగా కనిపిస్తాయి. సాఫ్ట్ అడ్డంకి ఉంటే 'ఆర్ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై' అంటే తొలగిపోతుంది. హార్డ్ అడ్డంకి ఉంటే ల్యాప్‌టాప్ పక్కన ఉన్న మీటనో, పై వరుసలోని విమానం గుర్తు మీటనో వేలితో నొక్కాలి. దాన్ని ఏ కమాండూ తీయలేదు.

ఇంకొక్క మాట. 2.4 గిగాహెర్ట్జ్‌లో మన దేశంలో 13 చానళ్లు వాడుకోవచ్చు, అమెరికాలో 11. కంప్యూటర్ తాను అమెరికాలో ఉన్నానని అనుకుంటే 12, 13 చానళ్ల వైపు తొంగి కూడా చూడదు. ఫోనులో కనిపించే రౌటర్ లినక్స్‌లో అసలు కనిపించకపోతే 'ఐడబ్ల్యూ రెగ్ గెట్' కొట్టి దేశం సంకేతం చూడండి. ఐఎన్ అని ఉండాలి.

చూసేవారు వేరు, తాళం తీసేవారు వేరు

ఇప్పుడు అసలు గందరగోళం దగ్గరకు వద్దాం. 'ఐడబ్ల్యూ' అనే పరికరంతో చుట్టుపక్కల ఉన్న నెట్‌వర్క్‌లను వెతకవచ్చు. రూట్ అధికారంతో, అంటే అన్ని హక్కులూ ఉన్న ఖాతాతో, స్కాన్ చేయిస్తే ఒక్కో రౌటర్ గురించి బారెడు వివరాలు వస్తాయి: పేరు, చానల్, సంకేతం బలం, భద్రత. ఆ పరికరంలోనే 'కనెక్ట్' అనే ఉపకమాండు కూడా ఉంది. సహజంగానే అందరూ అక్కడ పాస్‌వర్డ్ ఎలా ఇవ్వాలా అని వెతుకుతారు. దొరకదు. ఎంత వెతికినా దొరకదు, ఎందుకంటే ఆ కమాండు తాళం లేని నెట్‌వర్క్‌లకు, లేదా వెప్ అనే పాత తాళం ఉన్నవాటికి మాత్రమే పనికొస్తుంది.

దీని వెనక చరిత్ర ఉంది. 1997లో ఐట్రిపుల్‌ఈ అనే ఇంజనీర్ల సంస్థ మొదటి వైఫై ప్రమాణం తెచ్చినప్పుడు అందులో ఉన్న భద్రత వెప్ ఒక్కటే. దానిలో మీరిచ్చిన కీని చిప్‌కు అందిస్తే చాలు. చిప్ ప్రతి ప్యాకెట్‌ను దాంతో కప్పి పంపేది. ఇరుపక్షాల మధ్య మాటామంతీ అవసరం లేదు కాబట్టి పాత 'ఐడబ్ల్యూకాన్ఫిగ్' ఒక్క వరుసలో ఆ పని కానిచ్చేది. కానీ ప్రతి ప్యాకెట్‌కూ మారాల్సిన సంఖ్యకు వెప్‌లో 24 బిట్లే కేటాయించారు. రద్దీ ఉన్న నెట్‌వర్క్‌లో అవి కొన్ని గంటల్లోనే అయిపోయి మళ్లీ పాతవే తిరిగొస్తాయి. 2001లో ఫ్లూరర్, మాంటిన్, షమీర్ అనే ముగ్గురు దాని పునాదిలోని ఆర్‌సీ4 అనే సంకేతీకరణ పద్ధతి బలహీనతను బయటపెట్టారు. 2007కల్లా 104 బిట్ల వెప్ కీని నిమిషంలోపు రాబట్టే పద్ధతి వచ్చేసింది. ఈ రోజు స్కాన్‌లో వెప్ అని కనిపిస్తే దాన్ని తాళం లేని తలుపుగానే చూడాలి.

దాని స్థానంలో 2003లో డబ్ల్యూపీఏ, 2004లో డబ్ల్యూపీఏ2, 2018లో డబ్ల్యూపీఏ3 వచ్చాయి. వీటిలో కీని చిప్‌కు అప్పగించి ఊరుకుంటే కుదరదు. ప్రతిసారీ రౌటర్‌తో సంభాషించి, ఆ పూటకు మాత్రమే చెల్లే కొత్త కీని తయారు చేసుకోవాలి. ఆ సంభాషణ నడిపే బాధ్యత కెర్నెల్‌ది కాదు, ఐడబ్ల్యూది కాదు. అందుకోసం నేపథ్యంలో మెలకువగా ఉండే ప్రోగ్రామ్ ఒకటి కావాలి. లినక్స్‌లో ఆ పని చేసే పాత కాపు డబ్ల్యూపీఏ సప్లికెంట్. జౌనీ మాలినెన్ అనే ఫిన్లాండ్ ప్రోగ్రామర్ 2003లో మొదలుపెట్టాడు. సప్లికెంట్ అంటే అర్థించేవాడు, లోపలికి రానివ్వమని గుమ్మం దగ్గర నిలబడి అడిగేవాడు. ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ వైఫై తాళం తీసేది ఈ ప్రోగ్రామే.

స్కాన్ ఫలితంలో ఆర్‌ఎస్‌ఎన్ అనే భాగం ఉంటుంది. సప్లికెంట్‌ను పిలిచే ముందు అందులో అథెంటికేషన్ అన్న వరుస చూడటం నాకు అలవాటు. పీఎస్‌కే అంటే మన ఇళ్లలో ఉండే మామూలు పాస్‌వర్డ్ పద్ధతి. ఎస్‌ఏఈ అంటే డబ్ల్యూపీఏ3. 802.1ఎక్స్ అంటే కాలేజీలు, ఆఫీసుల పద్ధతి, యూజర్ పేరు కూడా అడుగుతుంది. ఈ మూడింటికీ సెట్టింగులు వేరు. ఏది ఉందో చూడకుండా ఫైలు రాయడం మొదలుపెట్టినవారికే ఎక్కువ సమయం వృథా అవుతుంది.

పేరు కూడా తాళంలో భాగమే

సప్లికెంట్‌కు కావాల్సింది చిన్న ఫైలు. అందులో నెట్‌వర్క్ అని రాసి, ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య రౌటర్ పేరు, పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఫైలును చేత్తోనే రాసుకోవచ్చు, లేదా 'డబ్ల్యూపీఏ పాస్‌ఫ్రేజ్' అనే చిన్న సాధనానికి రౌటర్ పేరు చెప్పి పాస్‌వర్డ్ టైపు చేస్తే అదే రాసి ఇస్తుంది. అది రాసిచ్చిన దాంట్లో పాస్‌వర్డ్ ఉండాల్సిన చోట 64 అంకెల, అక్షరాల పొడవాటి వరుస కనిపిస్తుంది.

ఆ వరుస ఎలా పుట్టింది? మీ పాస్‌వర్డ్‌ను తీసుకుని, దానికి రౌటర్ పేరును సాల్ట్‌గా, అంటే అదనపు దినుసుగా కలిపి, వెనక్కి తిప్పలేని హ్యాష్ అనే లెక్కను 4096 సార్లు తిప్పితే 256 బిట్ల కీ వస్తుంది. దాన్నే 64 హెక్స్ అంకెలుగా (0 నుంచి 9, ఏ నుంచి ఎఫ్ వరకు) రాస్తారు. పాస్‌వర్డ్‌కు 63 అక్షరాల పరిమితి ఎందుకు పెట్టారో కూడా ఇక్కడ తెలుస్తుంది. 64 ఉంటే అది పాస్‌వర్డ్ కాదు, నేరుగా కీ.

రౌటర్ పేరును సాల్ట్‌గా కలపడం. నా ఆదివారాన్ని మింగేసింది ఇదే. పాత ఫైలులో ఉన్నది పాస్‌వర్డ్ కాదు, ఈ 64 అంకెల కీ. ఇల్లు మారినప్పుడు రౌటర్ పేరు మార్చాను, పాస్‌వర్డ్ అలాగే ఉంచాను. ఫైలులో పేరు వరుసను దిద్దాను, కీని ముట్టుకోలేదు. కానీ ఆ కీ పాత పేరుతో కలిపి తిప్పిన లెక్క. పాస్‌వర్డ్ సరైనదే, కీ మాత్రం తప్పు. లాగ్‌లో ఉన్న మాటను జాగ్రత్తగా చదివితే అది మొదటి నుంచీ అదే చెబుతోంది: కీ తప్పు అయి ఉండవచ్చు అంది, పాస్‌వర్డ్ అనలేదు. కొత్త పేరుతో మళ్లీ లెక్క తిప్పించగానే నిమిషంలో కలిసింది.

ఈ 64 అంకెల వరుస పాస్‌వర్డ్‌ను దాచిపెడుతుందని కొందరు భరోసాగా ఉంటారు. అది సగమే నిజం. ఆ వరుస ఎవరికైనా దొరికితే అసలు పాస్‌వర్డ్ తెలియకపోయినా మీ నెట్‌వర్క్‌లోకి నేరుగా రావచ్చు, ఎందుకంటే రౌటర్‌తో మాట్లాడటానికి కావాల్సింది అదే. పైగా ఆ సాధనం మీ పాస్‌వర్డ్‌ను కామెంట్ రూపంలో పై వరుసలో ఉన్నదున్నట్టు రాసి పెడుతుంది. ఆ వరుసను తీసేయాలి, ఫైలును రూట్ తప్ప మరెవరూ చదవకుండా 600 అనుమతితో ఉంచాలి. డబ్ల్యూపీఏ3కి ఈ కీ పనికిరాదు, అసలు పాస్‌వర్డే కావాలి.

కొటేషన్ గుర్తుల దగ్గర కూడా చాలామంది దెబ్బతింటారు. పాస్‌వర్డ్ అయితే కొటేషన్ల మధ్య ఉండాలి, 64 అంకెల కీ అయితే ఉండకూడదు. తారుమారైతే ఫైలు చదవలేనని సప్లికెంట్ మొరాయిస్తుంది.

రౌటర్ పేరు తెలుగులో పెట్టుకున్నవారికి ఇక్కడ ఒక ప్రత్యేకమైన ముచ్చట ఉంది. ప్రమాణం ప్రకారం పేరుకు గరిష్ఠంగా 32 బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగుకు అచ్చు, హల్లు, గుణింతం, పొల్లు ఒక్కోదానికీ మూడేసి బైట్లు కావాలి. "మా ఇల్లు" అని పెడితే ఏడు తెలుగు గుర్తులకు 21, ఖాళీకి ఒకటి, మొత్తం 22. సరిపోతుంది. "శ్రీనివాస" వరకూ 27. "శ్రీనివాస నిలయం" అందామంటే 43, పట్టదు. రెండు పదాల్లో ఇంటి పేరు పెట్టుకోవడానికి కూడా చోటు చాలని ఈ హద్దు తెలుగువాడిగా నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

అలా తెలుగులో ఉన్న పేరు ఐడబ్ల్యూ స్కాన్‌లో తెలుగుగా కనిపించదు. ప్రతి బైటునూ వాలుగీత, ఎక్స్, రెండు హెక్స్ అంకెలుగా విడగొట్టి చూపిస్తుంది. ఒక్క 'మ' కోసం ఈ0, బీ0, ఏఈ అని మూడు ముక్కలు. తెరంతా ఈ0 బీ0, ఈ0 బీ1 అని పరుచుకుంటే అది చెడిపోయిన పేరని భయపడనక్కర్లేదు, మన అక్షరాలన్నీ ఆ జంటలతోనే మొదలవుతాయి. అసలు ప్రమాదం కంటికి కనిపించని చోట ఉంది. "రామ్‌నగర్" అని పొల్లు విడిగా కనిపించేలా టైపు చేసినప్పుడు ఆ పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అదృశ్య గుర్తు చేరుతుంది. అదే గుర్తు పేరు చివర చేరితే చూపుకు ఏ తేడా ఉండదు, మూడు బైట్లు మాత్రం పెరుగుతాయి. పేరు మారినట్టే, కీ మారినట్టే. అందుకే తెలుగు పేరును చేత్తో టైపు చేయకుండా స్కాన్‌లో వచ్చిన హెక్స్ అంకెలను, వాలుగీతలూ ఎక్స్‌లూ తీసేసి, కొటేషన్లు లేకుండా ఫైలులో ఇవ్వడం మేలు. సప్లికెంట్ దాన్ని అంగీకరిస్తుంది. పాస్‌వర్డ్‌కు మాత్రం డబ్ల్యూపీఏ2 ప్రమాణం ఆస్కీ అక్షరాలనే, అంటే ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, గుర్తులనే అనుమతిస్తుంది, తెలుగుకు అక్కడ చోటు లేదు.

చెప్పకుండానే తెలుసని చూపడం

ఇప్పుడు "ఉండవచ్చు" దగ్గరకు తిరిగి వద్దాం. కీ ఇద్దరి దగ్గరా ఉంది. నా దగ్గర ఉన్నదీ, నీ దగ్గర ఉన్నదీ ఒకటేనా అని తేల్చుకోవాలి. కానీ కీని గాలిలోకి వదిలితే పక్కింటివారు కూడా వింటారు. దాన్ని బయటపెట్టకుండానే తెలుసని రుజువు చేయాలి. ఇందుకోసమే ఆ నాలుగు విడతల హ్యాండ్‌షేక్.

మొదట రౌటర్ 32 బైట్ల యాదృచ్ఛిక సంఖ్య ఒకటి పంపుతుంది. దాన్ని ఎవరు విన్నా నష్టం లేదు. ల్యాప్‌టాప్ తనూ అలాంటి సంఖ్యనే పుట్టిస్తుంది. ఆ రెండు సంఖ్యలు, రెండు పరికరాల మ్యాక్ అడ్రస్‌లు (చిప్‌ల గుర్తింపు సంఖ్యలు), తన దగ్గరున్న కీ, ఇవన్నీ కలిపి ఈ పూటకు చెల్లే కొత్త కీని లెక్కగడుతుంది. రెండో విడతలో తన సంఖ్యను రౌటర్‌కు పంపుతూ, ఆ సందేశం మీద కొత్త కీతో ఒక ముద్ర వేస్తుంది. రౌటర్ ఆ సంఖ్య అందుకుని తన వైపు అదే లెక్క వేసి, ముద్రను సరిచూస్తుంది. సరిపోతే మూడో విడతలో తన ముద్రతో జవాబిస్తూ, అందరికీ ఒకేసారి పంపే సందేశాల కోసం వాడే గ్రూప్ కీని కప్పి ఇస్తుంది. నాలుగో విడతలో ల్యాప్‌టాప్ అందిందని చెబుతుంది. తలుపు తెరుచుకుంటుంది.

ముద్ర సరిపోకపోతే? రౌటర్ ఏమీ అనదు. ఆ సందేశాన్ని పక్కన పడేసి, జవాబు రానట్టే మొదటి విడతను మళ్లీ పంపుతుంది. కొన్నిసార్లు ప్రయత్నించి బయటకు నెట్టేస్తుంది. నెట్టేటప్పుడు ఇచ్చే కారణం చాలాసార్లు 15, అంటే హ్యాండ్‌షేక్‌కు గడువు తీరిపోయిందని. ముద్ర తప్పడం వల్లా ఇలా జరగవచ్చు, గోడల వెనక సంకేతం బలహీనమై సందేశం అందకపోవడం వల్లా జరగవచ్చు. ల్యాప్‌టాప్ వైపు నుంచి రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే సప్లికెంట్ రాసినవారు "తప్పు" అని తేల్చి చెప్పలేదు, "తప్పు అయి ఉండవచ్చు" అన్నారు. తెలిసినంత వరకే చెప్పిన నిజాయితీగల వాక్యం అది. దాన్ని చూసినప్పుడు ముందుగా 'ఐడబ్ల్యూ డెవ్' తర్వాత ఇంటర్‌ఫేస్ పేరు, 'లింక్' అని కొట్టి సంకేతం చూడాలి. మైనస్ 50 డీబీఎం అయితే దివ్యంగా ఉన్నట్టు, మైనస్ 80 దాటి దిగిపోతే రౌటర్ దగ్గరకు జరిగి మళ్లీ ప్రయత్నించాలి. సంకేతం బాగుంటే కీనే అనుమానించాలి. ఈ లింక్ కమాండుతో మరో చిక్కు ఉంది. హ్యాండ్‌షేక్ నడుస్తున్న ఆ కొద్ది సెకన్లూ అది కనెక్ట్ అయిందనే చూపిస్తుంది, ఎందుకంటే రేడియో మట్టుకు కలిసింది. తాళం తీయడం పూర్తయిందో లేదో తెలియాలంటే 'డబ్ల్యూపీఏ సీఎల్‌ఐ స్టేటస్'లో కంప్లీటెడ్ అన్న మాట రావాలి.

హ్యాండ్‌షేక్‌లో కీ బయటపడదు సరే, దాన్ని విన్నవారు ఊహించవచ్చా? ఊహించవచ్చు, ఇక్కడే మన ఇళ్లలో ఉన్న ఒక అలవాటు గురించి గట్టిగా చెప్పాలి. గాలిలో ఆ విడతలను పట్టుకున్నవారు ఇంటికి వెళ్లి తీరిగ్గా ఒక్కో పాస్‌వర్డ్‌నూ ఊహించి, లెక్క తిప్పి, ముద్ర సరిపోతుందేమో చూసుకోవచ్చు. రౌటర్‌తో మళ్లీ పని లేదు. 4096 సార్లు తిప్పడం ఈ ఊహలను నెమ్మది చేయడానికే. అయినా ఈనాటి మంచి గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే సెకనుకు పది లక్షలకు పైగా ఊహలను పరీక్షించగలదు. మనలో చాలామంది వైఫైకి మొబైల్ నంబరునే పాస్‌వర్డ్‌గా పెడతారు. పది అంకెలు, మొదటిది 6, 7, 8, 9లలో ఒకటి. మొత్తం 400 కోట్ల నంబర్లు. సెకనుకు పది లక్షల చొప్పున గంటా ఏడు నిమిషాల్లో అన్నీ అయిపోతాయి. నాలుగైదు సంబంధం లేని తెలుగు పదాలను ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాస్తే గుర్తుంచుకోవడం సులువు, ఊహించడం చాలా కష్టం.

డబ్ల్యూపీఏ3లోని ఎస్‌ఏఈ ఈ లోపాన్నే సరిదిద్దింది. అందులో ఒక్కో ఊహకూ రౌటర్‌తో ఒకసారి మాట్లాడాల్సిందే, ఇంటికి పట్టుకెళ్లి తిప్పుకోవడానికి ఏమీ మిగలదు. 2017లో క్రాక్ పేరుతో బయటపడ్డ దాడి మరో రకం. బెల్జియం పరిశోధకుడు మథీ వాన్‌హూఫ్ మూడో విడత సందేశాన్ని మళ్లీ మళ్లీ పంపితే పరికరాలు పాత కీనే తిరిగి ఎక్కించుకుంటున్నాయని చూపించాడు. ఆనాటి సప్లికెంట్ అయితే మరీ అన్యాయంగా అన్నీ సున్నాలున్న కీని ఎక్కించుకునేది. సరిచేసిన సంచికలు వెంటనే వచ్చాయి. పాత లినక్స్ పెట్టెలను నవీకరించకుండా వదిలేయడం ఎందుకు ప్రమాదమో చెప్పడానికి నాకు దీనికి మించిన ఉదాహరణ దొరకలేదు.

తలుపు తెరిచాక

హ్యాండ్‌షేక్ అయింది కానీ బ్రౌజింగ్ లేదు. ఇక్కడ చాలామంది మళ్లీ పాస్‌వర్డ్ మీద పడతారు. తాళం తీయడంతో సప్లికెంట్ పని అయిపోయింది. ఐపీ అడ్రస్ తెచ్చుకోవడం దాని బాధ్యత కాదు. డీహెచ్‌సీపీసీడీ వంటి మరో ప్రోగ్రామ్ రౌటర్‌ను అడిగి తేవాలి. 'ఐపీ అడ్రస్' కొట్టినప్పుడు 169.254తో మొదలయ్యే అంకెలు ఉంటే రౌటర్ ఇచ్చింది కాదు, ఎవరూ ఇవ్వకపోతే కంప్యూటర్ తనకు తానే పెట్టుకున్నది. అడ్రస్ బాగానే ఉండి అంకెలకు పింగ్ (ఉన్నావా అని అడిగే చిన్న సందేశం) వెళుతూ, పేర్లకు వెళ్లకపోతే లోపం పేర్లను అంకెల అడ్రస్‌లుగా మార్చే డీఎన్‌ఎస్‌లో ఉంది.

ఈ ముగ్గురు నలుగురు పనివాళ్లను ఒక్కొక్కరినీ పిలవడం విసుగనిపిస్తే మేస్త్రీని పెట్టుకోవచ్చు. 2004లో రెడ్ హ్యాట్ మొదలుపెట్టిన నెట్‌వర్క్‌మేనేజర్ అలాంటిదే. 'ఎన్‌ఎంసీఎల్‌ఐ డివైస్ వైఫై లిస్ట్' అంటే నెట్‌వర్క్‌లు చూపిస్తుంది, అందులోనే 'కనెక్ట్' అని పేరు చెబితే తాళం, అడ్రస్, డీఎన్‌ఎస్ అన్నీ తనే చూసుకుంటుంది. పాస్‌వర్డ్‌ను కమాండులోనే రాస్తే అది షెల్ హిస్టరీలో, అంటే కొట్టిన కమాండ్ల చిట్టాలో ఉండిపోతుంది. ముందు రెండు గీతలతో 'ఆస్క్' అనే ఐచ్ఛికం చేర్చితే అడిగి తీసుకుంటుంది. ఇంటెల్ ఇంజనీర్లు రాసిన ఐడబ్ల్యూడీ మరో దారి. 2019లో 1.0 సంచిక వచ్చింది. సప్లికెంట్ స్థానంలో నిలబడుతుంది, చిన్నది, చురుకైనది. దాని 'ఐడబ్ల్యూసీటీఎల్' తెర నాకు అన్నిటికన్నా హాయిగా అనిపిస్తుంది. అడ్రస్ కూడా తనే తేవాలంటే దాని సెట్టింగుల్లో ఆ మాట విడిగా చెప్పాలి.

చేయకూడనిది ఒక్కటే, ఇద్దరు మేస్త్రీలను పెట్టడం. నెట్‌వర్క్‌మేనేజర్ లోలోపల తన సొంత సప్లికెంట్‌ను నడుపుకుంటూ ఉండగా పాత వ్యాసం చూసి మీరు ఇంకొకదాన్ని లేపితే, ఒకరు కలిపింది మరొకరు తెంపుతారు. రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటర్ వాడేవారికి ఇది తరచూ ఎదురవుతోంది. 2023 అక్టోబరులో వచ్చిన బుక్‌వర్మ్ సంచిక నుంచి దాని అధికారిక వ్యవస్థ నెట్‌వర్క్‌మేనేజర్‌కు మారింది. మెమరీ కార్డు బూట్ భాగంలో సప్లికెంట్ ఫైలు పెట్టమనే పాత సలహా ఇప్పుడు పనిచేయదు.

కాలేజీ వైఫై

802.1ఎక్స్ ఉన్నచోట అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఉండదు. మీ పేరు, మీ పాస్‌వర్డ్ రెండూ రౌటర్ వెనక ఉండి ఖాతాలను సరిచూసే రేడియస్ సర్వర్‌కు చేరాలి, మధ్యలో రౌటర్ దూత మాత్రమే. ఎడ్యురోమ్ ఇలాంటిదే. యూరప్‌లో 2002లో పుట్టిన ఆలోచన, మన దేశంలో ఎర్నెట్ ఇండియా అనే విద్యా, పరిశోధనా నెట్‌వర్క్ సంస్థ నడుపుతోంది. ఒక విశ్వవిద్యాలయంలో ఇచ్చిన ఖాతాతో మరో దేశపు విశ్వవిద్యాలయంలో కూడా నెట్‌లోకి వెళ్లవచ్చు. ఉన్నత చదువులకు బయటి దేశాలకు వెళ్లిన మన పిల్లలు లినక్స్‌తో మొదటి వారం కుస్తీ పట్టేది ఎక్కువగా దీనితోనే.

ఇక్కడ నన్ను కలవరపెట్టేది కలవకపోవడం కాదు, మరీ సులువుగా కలిసిపోవడం. సప్లికెంట్ ఫైలులో సర్వర్ గుర్తింపును సరిచూసే సర్టిఫికెట్ వరుస ఇవ్వకపోయినా కనెక్షన్ వచ్చేస్తుంది. హమ్మయ్య అనుకుని వదిలేస్తారు. సర్టిఫికెట్ ఇవ్వలేదంటే అవతల ఉన్నది నిజమైన కాలేజీ సర్వరేనా అని అడగలేదన్నమాట. ఎవరైనా అదే పేరుతో ఒక నకిలీ రౌటర్ పెట్టి కూర్చుంటే మీ ల్యాప్‌టాప్ దానికీ అంతే నమ్మకంగా మీ వివరాలు అప్పగిస్తుంది. ఆ ఖాతా పాస్‌వర్డే చాలా చోట్ల మార్కులకూ, మెయిల్‌కూ తాళంచెవి. కాబట్టి సీఏ సర్టిఫికెట్ ఫైలు ఎక్కడుందో చెప్పే వరుస, సర్వర్ డొమైన్ పేరు ఇలాగే ముగియాలని చెప్పే వరుస, ఈ రెండూ తప్పకుండా రాయాలి. గడియారం చిప్ లేని పాత రాస్ప్‌బెర్రీ పై అయితే ఇంకో మెలిక: నెట్ లేకుండా దానికి తేదీ తెలియదు, తేదీ తప్పుగా ఉంటే సర్టిఫికెట్ చెల్లదంటుంది, సర్టిఫికెట్ చెల్లకపోతే నెట్ రాదు. ముందు చేత్తో తేదీ పెట్టాలి.

మళ్లీ మా ఇంటి ల్యాప్‌టాప్ దగ్గరకు. అన్నీ కలిశాక కూడా పక్క గదిలోంచి దానికి పింగ్ చేస్తే జవాబు ఒకసారి 5 మిల్లీసెకన్లు, మరోసారి 150. వైఫై చిప్ బ్యాటరీ ఆదా కోసం కునుకు తీస్తూ, రౌటర్ నేనున్నానంటూ సెకనుకు దాదాపు పదిసార్లు పంపే బీకన్ల సమయంలో మాత్రమే కళ్లు తెరుస్తోంది. ఈలోపు వచ్చిన ప్యాకెట్లు రౌటర్ దగ్గర ఎదురుచూస్తున్నాయి. నిత్యం ప్లగ్గులోనే ఉండే యంత్రానికి ఆ ఆదా అక్కర్లేదు. ఐడబ్ల్యూతోనే 'సెట్ పవర్ సేవ్ ఆఫ్' అన్నాను. బూట్ అయిన ప్రతిసారీ అది నడిచేలా ఒక చిన్న సర్వీసు ఫైలు రాసిపెట్టాను. ఇప్పుడు జవాబు 3 మిల్లీసెకన్లలో వస్తోంది.